మట్టి లేకుండా వచ్చే పండ్ల మొక్కలు: డబ్బు కట్టే ముందు, డబ్బా విప్పాక

డిసెంబరు రాగానే హిమాచల్ నర్సరీల ప్రకటనలు మన ఫోన్లలోకి వచ్చేస్తాయి. ఆపిల్, ప్లమ్, పీచ్, పియర్ మొక్కల్ని మట్టి లేకుండా ఉత్త వేర్లతో, తడి నాచులోనో రంపపు పొట్టులోనో చుట్టి జనవరి, ఫిబ్రవరిలో పంపుతారు. బెంగళూరులో మేడ మీద తోట పెంచుకునేవాళ్లు, చింతామణి, బాగేపల్లి, హిందూపురం వైపు కాస్త నేల కొనుక్కున్న మనవాళ్లు చాలామంది తెప్పించుకుంటున్నారు. పద్ధతి మంచిదే. ఆకు రాల్చి నిద్రలో ఉన్న చెట్టును తవ్వి తీస్తే కొన్ని రోజుల ప్రయాణం తట్టుకుంటుంది. చిక్కు ఎక్కడంటే, అక్కడ గడ్డకట్టే చలిలో బయల్దేరిన మొక్క ఇక్కడ 28 డిగ్రీల పగటి ఎండలో దిగుతుంది. వేర్లు ఇంకా పట్టుకోకముందే మార్చి వచ్చేస్తుంది. మన జాగ్రత్త అంతా ఆ రెండు నెలల కోసమే.

అన్ని మొక్కలూ ఇలా తెప్పించుకునేవి కావు. మామిడి, సపోటా, జామ, నిమ్మ, పనస ఏడాదంతా ఆకుతో ఉంటాయి కాబట్టి మట్టిగడ్డతో, కవర్‌లో ఉన్నవే కొనాలి. వీటిని ఉత్త వేర్లతో పంపుతామంటే ఆర్డరు పెట్టకండి. అంజూర, దానిమ్మ, ద్రాక్ష, మల్బరీ బతుకుతాయి గానీ, వాటికి అంత దూరం వెళ్లడం నాకు దండగ అనిపిస్తుంది. తెలిసినవాళ్ల చెట్టు నుంచి పెన్సిల్ లావు కొమ్మ తెచ్చి గుచ్చినా నాటుకుంటాయి. లాల్‌బాగ్ నర్సరీలోనో, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్‌లోనో ముందు అడిగి చూడండి.

ఆపిల్ గురించి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. చలికాలంలో 7 డిగ్రీల లోపు ఎన్ని గంటలు గడిచాయన్నదాన్ని బట్టి దాని మొగ్గ విచ్చుకుంటుంది. సిమ్లా వైపు పండే పాత డెలీషియస్ రకాలకు వెయ్యి గంటల దాకా కావాలి. బెంగళూరులో జనవరి రాత్రులు కూడా మామూలుగా 15, 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. అందుకని అన్నా, డార్సెట్ గోల్డెన్, హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటి తక్కువ చలి రకాలు తప్ప వేరేవి కొనకండి. అన్నా కొంటే పక్కన డార్సెట్ గోల్డెన్ కూడా ఉండాలి, పరాగం కోసం. చలి లేని చోట ఆపిల్ కాయదని కాదు. ఇండొనేషియాలో తూర్పు జావాలోని బాటు దగ్గర రైతులు ఆకులు చేత్తో దూసేసి చెట్టును మళ్లీ పూయిస్తారు. కానీ అది ఏటా చేయాల్సిన పని, ఓపిక ఉంటేనే దిగండి.

డబ్బు కట్టే ముందు రకం పేరుతో పాటు ఏ వేరుమొక్క (అంటుకు కింద వేర్లనిచ్చే మొక్క) మీద అంటు కట్టారో అడగండి. ఎంఎం-111 అనే వేరుమొక్క అయితే వేరు లోతుగా వెళ్తుంది, నీటి ఎద్దడిని కాస్త ఓర్చుకుంటుంది. పండ్ల ఫొటో కాదు, పంపబోయే మొక్క వేర్ల ఫొటో అడగండి. సంక్రాంతి వారంలో పంపొద్దని చెప్పండి, కొరియర్ గోదాముల్లో పార్సిళ్లు పేరుకుపోతాయి. వారం మొదట్లో పంపిస్తే ఆదివారం మధ్యలో పడకుండా చేరుతుంది. అడుగు ఎత్తు మొక్కకు గంపెడు కాయలు చూపించేవాళ్ల జోలికి పోవద్దు. విదేశం నుంచి తెప్పించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధృవపత్రం రెండూ ఉండాలి. అవి లేకుండా వచ్చే పార్సిల్‌తో చట్టం సమస్య ఒకటే కాదు, కొత్త తెగుళ్లు కూడా వస్తాయి.

అరటి పిలకల సంగతి ఇంకా పెద్దది. ఆకులన్నీ కొసన గుత్తిగా కుంచించుకుపోయేలా చేసే బంచీ టాప్ వైరస్, చెట్టును వడలగొట్టే పనామా తెగులు పిలకతోనే ఊళ్లు దాటుతాయి, బయటికి పిలక బాగానే కనిపిస్తుంది. తమిళనాడులో పళని కొండల విరూపాక్షి అరటిని బంచీ టాప్ ఎలా ఊడ్చేసిందో తోటల మనుషులకు తెలిసిందే. ముక్కూమొహం తెలియని చోటి నుంచి పిలకలు తెప్పించకండి. నమ్మకమైన ల్యాబ్ నుంచి వచ్చిన టిష్యూ కల్చర్ మొక్క (ల్యాబ్‌లో చిన్న మొక్క ముక్క నుంచి పెంచినది) కొనండి.

పార్సిల్ వచ్చిన రోజే, నీడలో, వీడియో తీస్తూ విప్పండి. పుల్లటి కుళ్లు వాసన వస్తే కుళ్లు మొదలైనట్టే. గోటితో ఒక వేరు గీరండి. లోపల తెల్లగా, కాస్త మీగడ రంగులో తడిగా ఉంటే బతికి ఉంది. గోధుమ రంగుకు తిరిగి, తొక్క వేలితో జారిపోతుంటే ఆ వేరు పోయింది. కాండం మొదట్లో గరుకు గడ్డ ఉంటే క్రౌన్ గాల్ అనే తెగులు కావచ్చు, వేర్ల మీద దూది పింజల్లాంటి తెల్లదనం ఉంటే ఆపిల్ ఊలీ ఏఫిడ్ అనే రసం పీల్చే పురుగు కావచ్చు. ఇలాంటి మొక్కను మట్టిలో పెట్టొద్దు. క్రౌన్ గాల్ సూక్ష్మజీవి నేలలో చేరితే ఏళ్ల తరబడి పోదు. ఫొటోలు తీసి డబ్బు వాపసు అడగండి.

మంచి మొక్కను కొన్ని గంటలు బకెట్ నీళ్లలో ఉంచండి, రాత్రి దాటించొద్దు. నలిగిన వేర్లు శుభ్రమైన కత్తెరతో తీసేయండి. ఆ రోజు నాటలేకపోతే తడి ఇసుకలోనో కొబ్బరి పొట్టులోనో వేర్లు పూర్తిగా కప్పి నీడలో ఉంచండి. ఎండలో పది నిమిషాలు పడి ఉన్నా సన్న వేర్లు ఎండిపోతాయి.

గుంత వేర్ల కంటే వెడల్పుగా ఉండాలి, వేరును వంచి కుక్కొద్దు. మన సైట్లలో పునాది నాటి సిమెంటు, ఇటుక ముక్కలు పూడ్చి ఉంటాయి, అవి తీసేసి మంచి ఎర్రమట్టి వేయండి. అంటు కట్టిన చోటు మట్టికి మూడు, నాలుగు అంగుళాల పైనే ఉండాలి. గుంతలో పచ్చి ఎరువు, యూరియా వద్దే వద్దు. కాండానికి పల్చగా సున్నం పూయండి, పడమటి ఎండ వైపు షేడ్ నెట్ కట్టండి. ఆకు పూర్తిగా విచ్చేదాకా ఆ మొక్క ఎక్కువ నీళ్లు తాగదు. రెండు అంగుళాల లోతు వేలు పెట్టి, పొడిగా ఉంటేనే పోయండి. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ట్యాంకర్ల కోసం ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందిగా, వేసవికి నీళ్లు ఎక్కడివో తేల్చుకున్నాకే ఎన్ని మొక్కలు కొనాలో అనుకోండి.

మొదటి ఏడు పూత వస్తే గిల్లేయండి. అసలు చిగురే రాకపోతే పీకేయకుండా కాండాన్ని గోటితో గీరి చూడండి. పచ్చగా ఉంటే ఏప్రిల్ చివరి దాకా ఆగండి. పైన ఎండి, కింద పచ్చగా ఉంటే పచ్చదనం మొదలైన చోటికి కత్తిరించండి. అంటు కింద నుంచి మాత్రమే చిగురు లేస్తే అది మీరు కొన్న రకం కాదు, వేరుమొక్క.