బోల్ట్ బిగిసిందా, గ్రూప్ విచ్చిందా, వేగం తగ్గిందా: వేట రైఫిల్ తూటాల సమస్యలు, పరిష్కారాలు

తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లకి ఎప్పుడూ ఎదురయ్యే తలనొప్పులు మూడు. వేగం చాలడం లేదు, గురి కుదరడం లేదు (ఒకే గురితో కాల్చిన బులెట్ల గుంపు, అంటే గ్రూప్, చెదురుతోంది), బోల్ట్ (తూటా కూర్చునే గది, అంటే చాంబర్‌ని, వెనక నుంచి మూసే కడ్డీ) గట్టిగా లేస్తోంది. చూడ్డానికి మూడూ వేర్వేరు గొడవల్లా ఉంటాయి కానీ ఒకదాన్ని సరిచేయబోతే ఇంకోటి చెడుతుంది, ఎందుకంటే వేగాన్ని ఇచ్చేదే పీడనం, ఆ పీడనం మారితే బారెల్ అదిరే తీరు మారుతుంది, దాంతో బులెట్ పడే చోటు కూడా మారుతుంది. అందుకే నేను ఒక వరస పాటించమంటాను: ముందు పీడనం సంగతి తేల్చండి, తర్వాత గురి చూసుకోండి, వేగం ఎంత వస్తే అంతతో సరిపెట్టుకోండి. ఇక్కడ మందు (తూటాలో మండే పొడి) తూకాలు ఏమీ ఇవ్వడం లేదు. అవి మీ బులెట్‌కీ మీ మందుకీ తయారీదారు అచ్చువేసిన పట్టికలోంచే తీసుకోవాలి, ఎవరో చెప్పిన తూకం నమ్మి నింపకండి.

పేల్చాక బోల్ట్ లేపడానికి బలం పట్టాల్సి వస్తోంది

ఆపేయండి. అదే పెట్టెలోంచి ఇంకొకటి పేల్చి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు.

కేస్ (తూటా ఇత్తడి తొడుగు) తీసి అడుగు భాగాన్ని, అంటే పేరూ కాలిబరూ చెక్కి ఉండే చోటుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. అక్షరాల మీదుగా చిన్న గుండ్రటి మచ్చ మెరుస్తూ కనిపిస్తే, వేలిగోరుతో గీస్తే కొద్దిగా తగిలితే, ఇత్తడి మెత్తబడి బోల్ట్‌లోని ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి నెట్టే పిన్) రంధ్రంలోకి పారిందని అర్థం. అప్పటికే హద్దు దాటేశారు. అవే కేసుల్లో తర్వాత ప్రైమర్ (కేస్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత) వదులుగా కూర్చుంటుంటే ఇక సందేహమే లేదు, ఆ కేసులు పారేయాల్సిందే. ప్రైమర్ చదునుగా అయిందన్న ఒక్క గుర్తుని మాత్రం నేను పెద్దగా నమ్మను, కొన్ని ప్రైమర్లు మెత్తగా ఉండి మామూలు పీడనానికే చదునైపోతాయి.

అసలు టెన్షన్ పెట్టాల్సింది ఇంకొకటి ఉంది. అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సామీ (SAAMI) సంస్థ నిర్ణయించిన గరిష్ఠ సగటు పీడనం .30-06 అనే తూటా రకానికి 60,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .308 విన్చెస్టర్‌కి 62,000, .270 విన్చెస్టర్‌కి 65,000. కేస్ మీద మచ్చలు కనిపించేది చాలాసార్లు ఈ అంకెలు దాటిపోయాకే. కాబట్టి మచ్చ లేదు గనక అంతా బాగుంది అనుకోవడానికి లేదు. ఇంట్లో పీడనం కొలిచే సాధనం మనకి ఉండదు, ఉన్నది బులెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్. పట్టికలో 24 అంగుళాల బారెల్‌కి సెకనుకు 2,750 అడుగులు అని ఉంటే మీ 22 అంగుళాల బారెల్‌లో 2,850 వస్తోందంటే, "నా బారెల్ మంచి స్పీడు" అని సంబరపడొద్దు. ఆ అదనపు వంద అడుగులు అదనపు పీడనం నుంచే వచ్చి ఉంటాయి, వేరే దారి దాదాపు లేదు.

కారణాలు వెతికేటప్పుడు మందు ఎక్కువైందా అన్న ఒక్కదాని దగ్గరే ఆగకండి. కింద చెప్పినవన్నీ చూడండి.

బులెట్ మార్చారా? బరువు ఒకటే అయినా పూర్తి రాగి బులెట్ సీసం బులెట్ కంటే పొడుగుగా ఉంటుంది, కేస్‌లో ఎక్కువ చోటు తింటుంది, సీసం బులెట్ తూకం దానికి పనికిరాదు. కేసులు మార్చారా? సైన్యం వాడిన 7.62 కేసుల గోడలు సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ, అదే మందుకి పీడనం పెరుగుతుంది. కేస్ సాగిందా? .308 కేస్ పొడవు 2.015 అంగుళాలు దాటితే దాని మూతి చాంబర్ చివర ఇరుక్కుని బులెట్‌ని నొక్కి పట్టుకుంటుంది, 2.005కి కత్తిరించాలి. బులెట్ రైఫ్లింగ్‌ని (బారెల్ లోపలి మెలి గీతలని) తాకేలా కూర్చోబెట్టారా? తాకితే పీడనం ఎగురుతుంది, అలాగని మరీ లోపలికి దింపినా కేస్‌లో ఖాళీ తగ్గి పెరుగుతుంది. చాంబర్‌లో నూనె మిగిలిందా? కేస్ గోడని పట్టుకోలేక జారి బోల్ట్ మీద బరువంతా వేస్తుంది. త్రాసు సరిగ్గా ఉందో లేదో తెలిసిన బరువు పెట్టి చూశారా?

పరిష్కారం ఒక్కటే, అందులో బేరాలు లేవు. మిగిలిన తూటాలన్నిటి బులెట్లు ఊడదీయండి. పట్టికలోని ఆరంభ తూకానికి వెళ్లండి, అది లేకపోతే గరిష్ఠానికి పది శాతం తక్కువలో మొదలెట్టి కొద్దికొద్దిగా పైకి రండి. మందు డబ్బా లాట్ (తయారైన విడత) మారినా, ప్రైమర్ మారినా, కేస్ మారినా మళ్లీ కింద నుంచే. భయంతో పట్టికలోని కనిష్ఠం కంటే కిందికి కూడా దిగొద్దు, మెల్లగా మండే మందుని కేస్‌లో సగం ఖాళీగా వదిలితే అది అనూహ్యంగా ప్రవర్తించి రైఫిల్‌ని పగలగొట్టే ప్రమాదం ఉంది.

పేల్చకముందే, తూటా పెట్టేటప్పుడే బోల్ట్ మూసుకోకపోతే అది వేరే కథ, కేస్‌ని డైలో (కేస్‌ని మళ్లీ కొలతకి నొక్కే అచ్చులో) సరిపడా కుదించలేదు.

పొద్దున బాగుంది, మధ్యాహ్నానికి బోల్ట్ బిగిసింది

మందుకి వేడి తగిలితే వేగంగా మండుతుంది. చలికాలంలో గరిష్ఠానికి ఆనించి నింపిన తూటాలు మండుటెండలో హద్దు దాటడంలో ఆశ్చర్యం లేదు. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టినవీ, కాలిన బారెల్ చాంబర్‌లో రెండు నిమిషాలు కూర్చున్నవీ ఇంకా ప్రమాదం. తూటాలు నీడలో ఉంచండి, తూకం తేల్చుకోవడం వేడి రోజుల్లోనే చేయండి, వేడికి తక్కువగా మారే మందులు దొరుకుతాయి కాబట్టి కొనేటప్పుడు ఆ సంగతి చూసి కొనండి.

పట్టికలో చెప్పినంత వేగం రావడం లేదు

ఇది చాలామటుకు సమస్యే కాదు. బారెల్ ఒక్కో అంగుళం తగ్గితే సెకనుకు సుమారు 20 నుంచి 30 అడుగులు పోతాయి. ఆ పట్టిక రాసిన బారెల్ మీ బారెల్ కంటే పొడుగ్గా ఉండి ఉండొచ్చు, ముందు ఆ వివరం చదవండి.

ఆ తర్వాత అసలు ప్రశ్న వేసుకోండి: పోయిన ఆ 50 అడుగుల వల్ల మీకేం నష్టం? .30-06లో 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్, మందుల బరువు చెప్పే చిన్న తూకం) బులెట్ 2,750 బదులు 2,700తో వెళ్లిందనుకుందాం. రెండింటినీ 200 గజాలకి సరిచేసి 300 గజాల దగ్గర చూస్తే పడే చోటులో తేడా అంగుళం లోపే ఉంటుంది. జింకకి అది తెలియదు, మీ గురిలోనూ కనపడదు. వేటలో వేగం నిజంగా లెక్కకొచ్చేది బులెట్ విచ్చుకునే విషయంలో. తగిలేటప్పటికి చాలా బులెట్లకి సెకనుకు కనీసం 1,800 అడుగులు, కొన్ని రాగి బులెట్లకి 2,000 దాకా ఉండాలి, లేకపోతే అవి విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి బయటికి పోతాయి, దెబ్బ తిన్న జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. మీ బులెట్ తయారీదారు చెప్పిన కనిష్ఠ వేగం ఎంతో చూసుకుని, మీరు కాల్చే అతి ఎక్కువ దూరంలో దానికంటే పైన ఉంటే ఇక ఆగిపోండి. చాలకపోతే దగ్గరికి వెళ్లి కాల్చండి, లేదా తక్కువ వేగంలోనే విచ్చుకునే బులెట్ ఎంచుకోండి, పట్టిక ఒప్పుకుంటే ఇంకో మందు వాడండి. ఉన్న మందునే ఇంకో అర గ్రెయిన్ దట్టించడం మాత్రం దారి కాదు.

గ్రూప్ విచ్చిపోతోంది

తూటాని అనుమానించే ముందు రైఫిల్‌ని అనుమానించండి. స్కోప్ మౌంట్ మరలు, స్టాక్ మరలు తయారీదారు చెప్పిన బిగువులో ఉన్నాయా? బారెల్ కిందా స్టాక్ మధ్యా కాగితం జరిపి చూడండి, ఒక చోట ఇరుక్కుంటే అక్కడ తాకుతోంది (కొన్ని రైఫిళ్లలో కావాలనే తాకేలా చేస్తారు, వాటిని గీకేయకండి). బారెల్‌లో రాగి పేరుకుందా? ఇవన్నీ అయ్యాక, ఇదివరకు ఇదే రైఫిల్‌లో బాగా పడిన ఫ్యాక్టరీ తూటాలు కాల్చండి. అవీ చెదిరితే మీ మందు తప్పేం లేదు.

మొదటి రెండూ దగ్గరగా పడి తర్వాతవి ఒకే వైపుకి పాకుతుంటే బారెల్ వేడెక్కుతోంది, సన్నటి వేట బారెల్‌కి అది మామూలే, చల్లారనివ్వండి. బారెల్‌కి తగిలించే క్రోనోగ్రాఫ్ ఉంటే తీసేసి గ్రూప్ చూడండి, దాని బరువుకే బులెట్ పడే చోటు మారుతుంది. కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉంటే బులెట్ దొర్లుతోంది: 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే .223 బారెల్ 77 గ్రెయిన్ల పొడుగు బులెట్‌ని నిలబెట్టలేదు, ఎంత మందు మార్చినా ఉపయోగం లేదు, పొట్టి బులెట్ వాడాలి.

ఇవేవీ కాకపోతే అప్పుడు బులెట్ కూర్చునే లోతు మార్చండి, సురక్షితమైన తూకం దగ్గరే ఉండి. రాగి బులెట్లు రైఫ్లింగ్‌కి 0.050 అంగుళం దూరంలో, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ దూరంలో బాగా పడతాయి. మూడు బులెట్ల గ్రూప్ చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, అదే తూటాతో మర్నాడు కాల్చిన మూడు ఇంకోలా ఉంటాయి. కనీసం పది చూడండి.

ఒక్కో తూటాకి ఒక్కో వేగం

రకరకాల కేసులు కలిసిపోవడం, మందు తూకంలో తేడా, కేస్ మూతి బులెట్‌ని ఒక్కోచోట ఒక్కోలా పట్టుకోవడం. వేరుచేసి, తూచి, ఒకేలా కత్తిరిస్తే చాలావరకు తగ్గుతుంది. కేస్‌ని బాగా నింపే మందు వాడితే ఇంకా మంచిది.

కేస్ అడుగుకి కాస్త పైన మెరిసే గీత

సన్నటి తీగ చివరని చిన్న కొక్కెంలా వంచి, కేస్ లోపలికి దించి, గోడ వెంట మెల్లగా పైకి లాగండి. అడుగుకి కాస్త పైన కొక్కెం ఒక పల్లంలో పడి ఆగితే గోడ అక్కడ పల్చబడింది, ఇంకో రెండు మూడు సార్లలో కేస్ రెండు ముక్కలవుతుంది. దీనికి ఎక్కువసార్లు కారణం పీడనం కాదు, డైలో కేస్ భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) మరీ వెనక్కి నెట్టడం. బోల్ట్ రైఫిల్‌కి 0.002 అంగుళం వెనక్కి వెళ్తే చాలు. గేజ్ పెట్టి డైని మళ్లీ అమర్చండి, గీత పడ్డ కేసులు నొక్కి చదును చేసి పారేయండి, లేకపోతే ఎవరో ఏరుకుని మళ్లీ నింపుతారు.

ట్రిగ్గర్ నొక్కినా పేలలేదు

గొట్టం గురి వైపే ఉంచి కనీసం నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. శబ్దం బలహీనంగా వచ్చి భుజానికి దెబ్బ తగలకపోతే ఇంకొకటి పెట్టకండి. బోల్ట్ తీసేసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో వెనక వైపు నుంచి చూడండి. కనిపించకపోతే బులెట్ లోపలే ఆగింది, ఆ రైఫిల్ నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాలి.