సొంత చేతుల వ్యాన్ – 4వ పాఠం: ఫోమ్ వేశాక కూడా గోడ ఎందుకు చెమ్మగిల్లింది?

వ్యాన్‌ను పడుకుని వండుకునే ఇల్లులా మార్చుకుంటూ, పోయిన పాఠం చూసి గోడలకు చలి ఆపే ఫోమ్ షీట్లు బిగించినవాళ్లు చాలామంది ఒకటే రాశారు: "ప్యానెల్ ఊడదీస్తే వెనకంతా నీళ్లండీ." మినెసోటా, మిషిగన్ చలిలో ఉన్నవాళ్లే ఎక్కువ. అందుకని వైరింగ్ పాఠం ఆపాను, ముందు ఇది తేలాలి.

వాన పడ్డాక ఒకేచోట తడిస్తే లీకు. వాన లేని చలి రాత్రి గడిచాక ఇనుప రిబ్‌ల (గోడకు పక్కటెముకల్లాంటి పట్టీల) వెంబడి గీతలా, స్క్రూల తలల మీద చుక్కల్లా కనిపిస్తే అది లోపలి ఆవిరే. ఈ తేడా తెలియకుండా కప్పు మీద సీలెంట్ పూయడం దండగ.

లోపల 70 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 50 శాతం ఉంటే డ్యూ పాయింట్, అంటే ఆవిరి నీళ్లుగా మారడం మొదలయ్యే వేడి, 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే చల్లటి రేకు తగిలితే ఆ గాలి నీళ్లు వదులుతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: ఫోమ్‌కీ రేకుకీ మధ్య సందు. వ్యాన్ గోడ బయటికి ఉబ్బి ఉంటుంది, తిన్నని షీటు పెడితే అంచులు ఆని నడుమ ఖాళీ మిగులుతుంది. "గాలి కూడా ఇన్సులేషనే కదా" అంటారు. కదలని గాలైతే అవును, కానీ అతుకుల్లోంచి గది గాలి అక్కడికి దూరుతూనే ఉంటుంది. ఫోమ్ అడ్డం వచ్చాక రేకుకు లోపలి వేడి అందదు, మునుపటికంటే చల్లబడుతుంది, పైగా నీళ్లు ఆరే దారి కూడా ఉండదు. తుప్పు, బూజు మొదలయ్యేది అక్కడే. అంగుళం షీటు ఒకటి కాకుండా అరంగుళానివి రెండు వాడండి, వంపుకు లొంగుతాయి. జిగురు మొత్తం పూసి, అంచుల్లో స్ప్రే ఫోమ్, అతుకుల మీద ఫాయిల్ టేప్ వేయండి. రిబ్‌లనూ పలచటి ఫోమ్‌తో కప్పండి. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు.

పొగ గొట్టం లేని ప్రొపేన్ హీటర్ పెట్టుకుని గోడను తిట్టి లాభం లేదు. కిలో గ్యాస్ కాలితే సుమారు 1.6 లీటర్ల నీరు ఆవిరై లోపలే ఉంటుంది, పైగా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. కుక్కర్ విజిళ్లు, మన ఊపిరి అదనం. చలేస్తోందని కప్పు ఫ్యాన్ మూసేస్తున్నారు, కిటికీతో పాటు దాన్నీ కాస్త తెరిచే పడుకోండి. చలి గాలిలో నీరు తక్కువే, లోపలికొచ్చి వేడెక్కాక అది తేమను పట్టుకుని బయటికి పోతుంది.

అభ్యాసం: వారం పాటు తెల్లవారుజామున, తలుపు తీయకముందే, లోపలి వేడి, తేమ, ఐదు చోట్ల గోడ వేడి రాయండి. మూడు రాత్రులు ఫ్యాన్ మూసి, నాలుగు రాత్రులు తెరిచి. ఫ్యాన్ మూసినా కిటికీ సందు మాత్రం ఉంచాలి, ఆ రాత్రుల్లో గ్యాస్ హీటర్ వద్దు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే రేకు మీద తప్పు చూపిస్తుంది, అక్కడ మాస్కింగ్ టేప్ ముక్క అంటించి దాని మీద కొలవండి.