నేపాల్‌లో మెడికల్ క్యాంపు పెట్టాలంటే: బరంపురంలో రైలెక్కే ముందు చేయాల్సినవి

ఒడిశాలోని మా బరంపురంలో నలుగురు డాక్టర్లు ఒకచోట కూర్చుంటే టీ చల్లారేలోపు ఎవరో ఒకరు "నేపాల్‌లో ఒక క్యాంపు పెడదామండీ" అంటారు. పెట్టొచ్చు. మనకు వీసా అక్కర్లేదు, హౌరా వెళ్లి మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రక్సౌల్, దిగి సరిహద్దు దాటితే బీర్‌గంజ్. దారి ఇంత తేలిక కాబట్టే చిక్కు వస్తుంది, ఏ కాశీనగర్‌కో గుణుపురానికో వెళ్తున్నట్టు అట్టపెట్టెలు సర్దేసుకుని బయల్దేరిపోతాం.

మేం మొదటిసారి అలాగే వెళ్లాం. పెట్టెల మీద స్కెచ్ పెన్నుతో "మందులు" అని రాసుకున్నాం, అంతే. భన్సార్ దగ్గర, అంటే వాళ్ల కస్టమ్స్ దగ్గర, లిస్టు ఏదని అడిగారు. లేదు. మధ్యాహ్నం ఎండలో నేల మీద దుప్పటి పరిచి ఒక్కో స్ట్రిప్పూ లెక్కపెట్టాం. ఏడో పెట్టె విప్పితే ఎవరి పుణ్యమో ఆవకాయ సీసా పగిలి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లన్నీ ఎర్రగా జిడ్డోడుతున్నాయి. అక్కడున్న ఉద్యోగి వాసన చూసి నవ్వాడు గానీ పెట్టె మాత్రం వదల్లేదు. తప్పు మాదే.

అందుకని మొదట తేదీ చూడకండి, టీమ్ కూడా చూడకండి. అక్కడ మీకు చేయందించే ఆస్పత్రో సంస్థో ఎవరో తేల్చుకోండి. మీరు వచ్చేశాక ఆ రోగులను చూసేది వాళ్లే. ఇక్కడ మీ రిజిస్ట్రేషన్ ఎంత పాతదైనా అక్కడ చెల్లదు, డాక్టర్లకు నేపాల్ మెడికల్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలి. నర్సులకు వాళ్ల కౌన్సిల్ వేరు, ఫార్మసిస్టులకు వేరు. ఈ కాగితాలు అక్కడి సంస్థ చేతుల మీదుగా నడిస్తేనే కదులుతాయి, నాలుగు నెలల ముందు మొదలుపెట్టినా తొందరేం కాదు. ఊరి స్థాయిలో ఆరోగ్య కేంద్రాలు స్థానిక ప్రభుత్వాల కిందకు వస్తాయి. దేశం మొత్తం మీద అవి 753, పల్లెల్లో గావ్‌పాలికా, పట్నాల్లో నగర్‌పాలికా. వాళ్ల ఆరోగ్య విభాగం నుంచి ఉత్తరం లేకుండా బడి ఆవరణలో టెంటు కూడా వేయొద్దు.

తర్వాత వాళ్లకేం కావాలో అడగండి. ఇక్కడ మనవాళ్లకు కాస్త అహం అడ్డొస్తుంది. మా కంటి డాక్టరుగారు శుక్లాల ఆపరేషన్లు చేసేద్దామని ఉబలాటపడ్డారు. తీరా చూస్తే కంటి వైద్యంలో నేపాల్ ఎవరికీ తీసిపోదు. సందుక్ రుయిత్ లాంటి డాక్టర్లు ఉన్నారు, కాఠ్మాండూలో 1994 నుంచి తిలగంగ కంటి ఆస్పత్రి ఉంది, లహాన్‌లోని కంటి ఆస్పత్రికైతే మన బీహార్ నుంచే జనం ఆపరేషన్లకు వెళ్తారు. మమ్మల్ని వాళ్లు అడిగింది చర్మ డాక్టరునూ, ఆడవాళ్లను చూడ్డానికి లేడీ డాక్టరునూ. పేరు రాని పని అని కొందరు జారుకున్నారు, మంచిదే అయింది.

మందుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మందుల కంపెనీలు డాక్టర్లకు ఉచితంగా ఇస్తే క్లినిక్కుల్లో మిగిలిపోయిన ఫిజీషియన్ శాంపిళ్లు పోగేసుకుని వెళ్లడం మనకు అలవాటు, అది మానేయండి. విరాళంగా ఇచ్చే మందుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు 1996 నుంచి ఉన్నాయి. శాంపిళ్లూ, రోగులు తిరిగిచ్చినవీ ఇవ్వొద్దనీ, అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలనీ, లేబుల్ మీద బ్రాండు పేరే కాక జనరిక్ పేరు, అంటే అసలు మందు పేరు, ఉండాలనీ అందులో ఉంది. దీనికంటే సులువైన దారి, ఆస్పత్రివాళ్ల చేతే బీర్‌గంజ్‌లోని హోల్‌సేల్ దుకాణాల్లో కొనిపించడం. మన రూపాయికి వాళ్లది 1.60, 1993 నుంచి మారలేదు కాబట్టి లెక్కకూ తంటా లేదు. తీసుకెళ్లక తప్పనివాటికి పేరు, బ్యాచ్ నంబరు, గడువు, సంఖ్యతో లిస్టు రాసి ముందే పంపి అనుమతి తెప్పించుకోండి. ట్రమడాల్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్, కెటమిన్ లాంటివి మన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కిందకు వస్తాయి, ఒక్క స్ట్రిప్పు కూడా పెట్టెలో ఉండకూడదు. ఎవరి సొంత బ్యాగులో ఏముందో కూడా అడగండి, మొహమాటపడొద్దు.

ఇంకోటి, బీపీ, షుగరు మందులు. పదిహేను రోజులకు ఇచ్చి వచ్చేస్తే పదహారో రోజున ఆ ముసలావిడ ఏం చేస్తుంది? అక్కడి ఆరోగ్య కేంద్రాల్లో కొన్ని మందులు ఉచితంగా ఇస్తారు. ఆ జాబితా ముందే తెప్పించుకుని అందులో ఉన్నదే రాయమని మీ డాక్టర్లకు చెప్పండి. ఖరీదైన కొత్త మందు రాసి మురిసిపోయే డాక్టరు ఉంటే ఆయన్ని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చోబెట్టండి!

భాష విషయంలో మనకు చేయి తిరిగినట్టే లెక్క. పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, మందు చీటీ ఇంగ్లీషు, కొండ మీద నుంచి దిగే సవరలది వేరే భాష. నేపాలీ వచ్చినవాడు దొరికాడు కదా అని ధీమా పడొద్దు, బీర్‌గంజ్ చుట్టుపక్కల ఇళ్లలో భోజ్‌పురి, జనక్‌పూర్ వైపు మైథిలి. హిందీతో చాలావరకు నెట్టుకు రావచ్చు గానీ ఆడవాళ్లు తమ బాధ హిందీలో చెప్పరు. అక్కడ 1988 నుంచి మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికలు ఉన్నారు, మన ఆశా దీదీల్లాంటి వాళ్లు. ఒక్కో డాక్టరు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. మందుల కవర్ల మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చందమామ బొమ్మలు వేసిన రబ్బరు స్టాంపులు ఇక్కడే చేయించుకుని వెళ్లండి, మాకు బాగా పనికొచ్చాయి.

మనుషుల సంఖ్య తగ్గించండి. పన్నెండు మంది చాలు. డాక్టరుకు రోజుకు యాభై మంది దాటితే అది తిరణాల. ముందు గుణుపురంలోనో రాయగడలోనో ఇదే టీమ్‌తో ఒకరోజు క్యాంపు చేసి చూడండి, ఎవరు విసుక్కుంటారో మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. జనక్‌పూర్‌లో సీతమ్మ దర్శనం చేసుకోవాలని అందరికీ ఉంటుంది, అది క్యాంపు అయ్యాకే. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్‌ను నమ్ముకుని రావద్దని చెప్పండి. దసరా నుంచి ఛఠ్ దాకా అక్కడ పండగల హడావిడి, జనవరిలో తరాయి, అంటే సరిహద్దు పక్కనున్న మైదానం, అంతా మంచు కమ్ముకుని బస్సులు ఆగిపోతాయి, కాబట్టి నవంబరు చివరో ఫిబ్రవరో చూసుకోండి. శనివారం అక్కడ సెలవు. డబ్బు ట్రస్టు పేరున ఉంటే దేశం బయట పెట్టిన ఖర్చుకు పన్ను మినహాయింపు దానంతటదే రాదు, సీబీడీటీ, అంటే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, అనుమతి కావాలి, ఆడిటరును ముందే కలవండి.

మన రాయగడ జిల్లాలో బిస్సంకటక్ ఆస్పత్రి ఉంది కదా, 1954లో దాన్ని మొదలుపెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరమ్మ. ఆవిడ వచ్చి ఉండిపోయారు. మనం మూడు రోజులే ఉంటాం, అందుకే రిజిస్టరు జాగ్రత్తగా రాయాలి. పేరు, ఊరు, ఫోను, ఇచ్చిన మందు, మళ్లీ ఎప్పుడు రావాలో. ఆ తేదీ వాళ్ల విక్రమ సంవత్‌లో రాయించండి, మనకంటే సుమారు 57 ఏళ్లు ముందుంటుంది, నెలలు కూడా మన నెల మధ్యలో మొదలవుతాయి. మన తేదీ వేసిస్తే ఎవరూ రారు. కార్బన్ పేపరు పెట్టి రాస్తే రెండు ప్రతులు వస్తాయి. అసలుది అక్కడి ఆస్పత్రివాళ్ల దగ్గర ఉంచి, నకలు మీరు తెచ్చుకుని, నెల తిరిగాక ఫోన్ చేసి ఒక్కో పేరూ అడగండి.