స్వీటు కోసం మాత్ర పెంచకండి: పెళ్ళిళ్ళకు వెళ్ళే షుగర్ వాళ్ళకు జాగ్రత్తలు

పోయిన ఆదివారం గుంటూరులో ఓ పెళ్ళికి వెళ్ళాం. మా పెదనాన్నకు షుగర్. ఎలాగూ స్వీటు తింటానని, పొద్దున వేసుకునే మాత్రతో పాటు ఇంకోటి వేసుకున్నారు. పన్నెండున్నరకన్న భోజనాలు రెండు దాటినా మొదలుకాలేదు. కుర్చీలో ఉన్నవారు ఉన్నట్టే చెమటలతో చొక్కా తడిసిపోయింది, పిలిస్తే పొంతన లేని మాటలు. నా బ్యాగులోని షుగర్ చూసే మిషన్ 48 చూపించింది, అంటే షుగర్ బాగా పడిపోయింది. పంచదార నీళ్ళు తాగించాక పావుగంటకు మనిషయ్యారు.

విజయవాడలో షుగర్ క్లినిక్‌లో పన్నెండేళ్ళుగా నర్సుని. ముహూర్తాలు మొదలైతే చాలు, ఇదే తప్పు చూస్తాను. నడవండి, అన్నం తగ్గించండి అని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్వీటు కోసం మాత్ర పెంచకండి. గ్లిమిపిరైడ్ లాంటి మందుకు మీరు తిన్నారో లేదో తెలియదు, ఒంట్లో ఇన్సులిన్ పెంచేస్తుంది. వడ్డన ఆలస్యమైతే అది ఆగదు, షుగర్ పడిపోతుంది.

అసలు పొట్ట పగిలేలా తిన్నాక కూడా స్వీటు ఎందుకు లాగుతుంది? గుత్తివంకాయ, పులిహోర, పెరుగన్నం తిన్నాక 'ఇక మెతుకు దిగదు' అంటాం. అది చాలావరకు ఆ రుచుల మీద మొహం మొత్తడమే. తీపి మీద ఇంకా మొత్తలేదు. 2025లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధకులు ఎలుకల్లో ఇంకో సంగతి చూశారు. కడుపు నిండిందని చెప్పే నాడీకణాలే, చక్కెర తగలగానే హాయినిచ్చే ఎండార్ఫిన్‌ను కూడా విడుదల చేస్తున్నాయి. దాని పని ఆపేస్తే, నిండుగా తిన్న ఎలుకలు ఇంకా చక్కెర తినడం మానేశాయి. కాబట్టి పెద్దవాళ్ళను 'ఇంత జిహ్వచాపల్యమా' అని నలుగురిలో తిట్టకండి. అలా తిడితేనే చాటుగా మాత్రలు మింగుతారు.

ఆకు భోజనంలో స్వీటు ముందే వేస్తారు, పప్పుకు ముందే ఓ ముక్క నోట్లో పడుతుంది. బఫేలో అయితే వేడి జిలేబీ, ఐస్‌క్రీమ్, స్వీటు కిళ్ళీ అన్నీ చివర్లో, చెయ్యి కడుక్కుని వచ్చే దారిలో ఉంటాయి. ఆ దారిన పోకండి. తినాలనే ఉంటే ఒక్క ముక్క, అదీ భోజనంతో పాటు, ఆ మేరకు అన్నం తగ్గించి. మాత్ర మాత్రం పెంచకండి.

స్వీటుకు చోటుంచాలని టిఫిన్ మానకండి. మధ్యాహ్నం మాత్ర ఉన్నవాళ్ళు వడ్డన మొదలయ్యాకే వేసుకోండి. ఇన్సులిన్ అయినా అంతే, డాక్టరు చెప్పకుండా ఒక్క యూనిట్ కూడా పెంచొద్దు. పక్కింటాయన మాత్ర వేసుకోవద్దు. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. చెయ్యి వణికినా, చెమట పట్టినా వెంటనే చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి, పావుగంటకు మళ్ళీ చూడండి. మిషన్ లేకపోతే చూసేదాకా ఆగకండి, ముందు తాగేయండి. అప్పుడు లడ్డు పెట్టొద్దు, నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మాత్ర ఎక్కువ వేసుకున్న మనిషి తేరుకున్నా ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టొద్దు. గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఎన్ని మాత్రలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.