దువ్వెన లాగడం అందరం చూశాం, నెట్టడం చూశారా?

తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెనకు కాగితం ముక్కలు ఎగిరి అతుక్కోవడం మనందరం చిన్నప్పుడు చూసిందే. చాలామంది అక్కడితో ఆపేస్తారు, కానీ అసలు ముచ్చట దాని తర్వాతే మొదలవుతుంది.

ముందు ఒక మాట. తలకు కొబ్బరినూనె ఉంటే ఈ ప్రయోగం సరిగ్గా రాదు, తలస్నానం చేసి బాగా ఆరిన జుట్టు కావాలి. ముసురు పట్టిన రోజున కూడా పెట్టుకోకండి, గాలిలోని తేమ వస్తువుల మీద పల్చగా పట్టి, రుద్దినప్పుడు చేరిన విద్యుదావేశాన్ని (ఆవేశం) నిలవనివ్వదు. చలికాలంలో పొడిగా ఉన్న రోజు చూసుకోండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో అయితే ఏసీ గదిలో చేస్తే నయం.

రెండు బెలూన్లు ఊది, మూరెడు దారాలతో ఒకే మేకుకు పక్కపక్కనే తగిలేలా వేలాడదీయండి. రెండింటినీ జుట్టుకు ఓ ఇరవై సార్లు గట్టిగా రుద్ది వదిలేయండి. ఒకదాన్నొకటి నెట్టుకుని, మధ్యలో ఖాళీ వదిలి అలాగే నిలబడతాయి, జుట్టులోని ఎలక్ట్రాన్లు కొన్ని రెండింటికీ చేరి రెండూ రుణావేశంతో ఉన్నాయి కాబట్టి. ఒకే రకం ఆవేశాలు నెట్టుకుంటాయి, వేరు రకాలు లాక్కుంటాయి. ఇప్పుడు మధ్యలో మీ అరచెయ్యి పెట్టండి. రెండూ చేతి వైపు వస్తాయి! చేతిని దేనికీ రుద్దలేదు కదా, మరెందుకు? బెలూన్ దగ్గరికి రాగానే చేతిలోని ఎలక్ట్రాన్లు కాస్త వెనక్కి జరుగుతాయి, ముందువైపు ధనావేశం మిగులుతుంది, దగ్గరున్నది కాబట్టి ఆ లాగుడే గెలుస్తుంది. కాగితం ముక్కల సంగతీ దాదాపు ఇదే. అందుకే ఆకర్షణ చూసి రెండింటికీ ఆవేశం ఉందని చెప్పకూడదు, వికర్షణ (నెట్టుకోవడం) కనిపిస్తేనే ఖాయం. పిల్లలకు ఈ ఒక్కటి తప్పకుండా చూపించండి.

కాగితం బదులు వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను గోరంత ముక్కలుగా చింపి దువ్వెన కింద పెట్టి చూడండి. ఎగిరి దువ్వెనను తాకుతాయి, తాకగానే దాని ఆవేశమే వీటికీ అంటుకుని చటుక్కున అవతలికి ఎగిరిపోతాయి. ఫ్రాన్స్‌లో షార్ల్ డ్యూఫే అనే శాస్త్రవేత్త చేసిందీ ఇలాంటిదే: రుద్దిన గాజు గొట్టం నెట్టేసిన బంగారు రేకును రుద్దిన, గట్టిపడిన చెట్టుజిగురు ముద్ద దగ్గరికి లాక్కుంది, దాంతో 1733లో ఆవేశాలు రెండు రకాలని తేల్చాడు.

మళ్లీ మొదటి నుంచి చేయాలంటే బెలూన్లను తడి చేత్తో తుడవండి, ఆవేశం పోతుంది. పూర్తిగా ఆరాకే మళ్లీ రుద్దండి.