ధర్మశాస్త్రం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆజ్ఞలో కారణం ఎక్కడుంది?

పోయిన పాఠం నిర్గమకాండం 31:18 దగ్గర ఆపాం. రాతి పలకల మీద రాసింది దేవుని వేలు అని అక్కడ చదివాం. మోషే ఆ ఆజ్ఞలను కూర్చుని ఆలోచించి రాయలేదు, కొండ మీద అందుకుని కిందికి తెచ్చాడు. ఈ సంగతి మర్చిపోతే ఏ ఆజ్ఞ కనబడినా "అది ఆ కాలం వాళ్లకు" అని పేజీ తిప్పేస్తాం. పలికినవాడు మారనప్పుడు ఆ మాటకున్న అధికారం ఎందుకు తగ్గుతుంది?

ఈ వారం ఒక్క పనే నేర్చుకుందాం. ఆజ్ఞ చదవగానే దానికి దేవుడు చెప్పిన కారణాన్ని వెతకడం. బైబిలు, నోట్‌బుక్కు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ద్వితీయోపదేశకాండం 24:14, 15 వచనాలు తీసి, నెమ్మదిగా పైకి చదవండి.

ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యాలి. ఇది ఆజ్ఞ. కారణం ఆ వెంటనే ఉంది, దాని కింద గీత గీయండి: అతను బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు.

ఇప్పుడు కూకట్‌పల్లి లేబర్ అడ్డా గుర్తుచేసుకోండి. తెల్లారేసరికే టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని పని కోసం నిలబడి ఉంటారు. ఆ పూట పని దొరికినవాడికి సాయంత్రం మేస్త్రీ "ఓనర్ రేపిస్తానన్నాడు" అంటే ఆ రాత్రి ఇంట్లో బియ్యం ఎలా? మనకు ఒక్కరోజు ఆలస్యం, వాళ్లకు ఒక పూట పస్తు. దేవుడు ఆ తేడా చూశాడు కాబట్టే గడువును సూర్యాస్తమయానికి పెట్టాడు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చి మన అపార్ట్‌మెంట్లు కడుతున్నవాళ్ల సంగతేంటి అంటారేమో. 14వ వచనం మళ్లీ చూడండి, పరదేశి కూడా అందులోనే ఉన్నాడు.

15వ వచనం చివర ఇంకో సంగతి ఉంది. నాకు ఈ భాగమంతటిలో అన్నిటికంటే బరువైన మాట అదే. కూలి అందనివాడు మొరపెట్టేది యెహోవాకు. సాక్షులు లేకపోవచ్చు, పెద్దమనుషులు పట్టించుకోకపోవచ్చు. ఆజ్ఞ ఇచ్చినవాడే ఆ ఫిర్యాదు వింటాడు. లేవీయకాండం 19:14 కూడా చూడండి. చెవిటివాణ్ణి తిట్టకూడదు. తిట్టినా అతనికి వినబడదు, ఏ రాజు పెట్టిన చట్టమూ అక్కడిదాకా రాలేదు. అందుకే ఆ వచనం దైవభయాన్ని గుర్తుచేసి, "నేను యెహోవాను" అని ముగుస్తుంది. ఆ అధ్యాయంలో ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసుకోండి.

ఇదంతా పాత నిబంధనతోనే అయిపోయిందా? యాకోబు పత్రిక 5:4 తీయండి. మోసం చేసి బిగబట్టిన కూలి అక్కడ కూడా మొరపెడుతూనే ఉంది, ఆ కేక ప్రభువు చెవిన పడుతూనే ఉంది. మోషే తర్వాత ఎన్నో వందల ఏళ్లకు, సిలువ తర్వాత, విశ్వాసులను ఉద్దేశించి రాసిన పత్రిక అది. ధర్మశాస్త్రంలో ఒక పొల్లయినా తప్పిపోదని యేసు మత్తయి 5:18లో చెప్పిన మాట ఇలా నిలబడింది.

మరి బలుల సంగతి? మనం మేకను తెచ్చి అర్పించడం లేదు కదా అని అడుగుతారు. ఆ ఆజ్ఞలు రద్దయినవి కావు, క్రీస్తు ఒక్కసారే చేసిన అర్పణలో నెరవేరినవి. అది పెద్ద విషయం, 5వ పాఠమంతా దానికే. ఈలోగా హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం ఒకసారి చదివి ఉంచండి.

ఈ వారం అభ్యాసానికి రెండు ఆజ్ఞలు. మొదటిది ద్వితీయోపదేశకాండం 22:8, కొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించమనే ఆజ్ఞ. కారణం వచనంలోనే ఉంది, గీత గీయండి. సంక్రాంతికి పిల్లలు పతంగులు ఎగరేసే మీ డాబా మీదికి వెళ్లి గోడ ఎంత ఎత్తుందో చూసి రండి. రెండోది నిర్గమకాండం 21:33, 34, గొయ్యి తవ్వి మూత వెయ్యనివాడి గురించి. ఇందులో కారణం విడిగా రాసి లేదు, నష్టం ఎవరు కట్టాలో చూసి మీరే పట్టుకోవాలి. మీ గల్లీలో మూత లేని మ్యాన్‌హోల్, మీ బిల్డింగ్‌లో తెరిచి వదిలేసిన సంపు ఉంటే, ఈ ఆజ్ఞ ప్రకారం బాధ్యత ఎవరిదో నోట్‌బుక్కులో రాయండి. ఆ సంపు మీదే అయితే ముందు మూత వేసి, తర్వాత రాయండి.