టైలర్‌ను పనిలోకి తీసుకునే ముందు

మా రాయదుర్గం జీన్స్ యూనిట్లలో కొత్త టైలర్ వస్తే మొదటి ప్రశ్న, "ఎన్నేళ్ల నుంచి కుడుతున్నావప్పా?" బళ్లారిలో పదేళ్లు చేశానంటే చాలు, మిషన్ మీద కూర్చోబెట్టేస్తారు. ఫ్లోర్ చూసుకునేదాన్నిగా చెబుతున్నా, ఆ ప్రశ్నకు నేను పెద్ద విలువ ఇవ్వను.

పరిశోధనలో వెతకాలంటే ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి. "మంచి పనివాళ్లు దొరకాలంటే" అని వెతికితే ఉపన్యాసాలే దొరుకుతాయి. "కొత్త టైలర్ చేతిలో ఆల్టరేషన్, అంటే తప్పు కుట్టి వెనక్కొచ్చే పీసులు, తగ్గాలంటే చేరేముందు ఏం చూడాలి?" అనుకోండి.

తర్వాత పరిశోధన పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో 'పర్సనెల్ సెలెక్షన్ మెటా అనాలిసిస్' అని ఇంగ్లీషులో కొట్టండి. ఒకే విషయంపై జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్క తేల్చేదే మెటా అనాలిసిస్. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 85 ఏళ్ల పరిశోధనను ఇలాగే కలిపారు. 1 వస్తే చేరాక పనితీరు ఎలా ఉంటుందనే అంచనా పక్కా అనుకుంటే, పని చేయించి చూడడానికి 0.54 వచ్చింది, అనుభవం ఏళ్లకు 0.18 మాత్రమే. అక్కడే ఆగకండి. పేపర్ కింద 'సైటెడ్ బై' నొక్కితే దాన్ని ప్రస్తావించిన తర్వాతి పేపర్లు వస్తాయి, వాటిలో 2022లో సాకెట్ బృందం రాసింది కనిపిస్తుంది. వాళ్లు పాత లెక్కలను సరిచేస్తే పని పరీక్ష 0.33కి దిగింది. ముందే రాసుకున్న ప్రశ్నలను అందరినీ ఒకేలా అడిగే ఇంటర్వ్యూ 0.42తో పైకొచ్చింది. ఏళ్ల అనుభవం మాత్రం అట్టడుగునే ఉంది.

ఆ అధ్యయనాలు మన ఊళ్లో చేసినవి కావు కదా. అందుకే మన లెడ్జర్ తీయాలి: ఎవరు ఎన్నేళ్ల అనుభవంతో చేరారు, మొదటి రెండు నెలల్లో వందకు ఎన్ని పీసులు వెనక్కొచ్చాయి. పక్కపక్కన రాస్తే ఓనర్‌తో వాదించే పనే ఉండదు.

పరీక్ష ఇలా పెట్టండి. అందరికీ ఒకే కటింగ్ ఇచ్చి, వెనక జేబు, జిప్పు కుట్టమనండి. మిషన్ కొత్త కాబట్టి ముందు వేస్టు గుడ్డ మీద పది నిమిషాలు తొక్కనివ్వాలి, లేకపోతే మీరు చూసేది టెన్షన్‌నే. జేబు మూలలో కుట్టు తిరిగిన తీరు, జిప్పు కింద ముడత, రెండు వరుసల మధ్య ఎడం, వీటికి ఇద్దరు చెకర్లు విడివిడిగా మార్కులు వేయాలి. మాట్లాడుకుంటే పెద్దామె మార్కే ఇద్దరిదీ అవుతుంది. కుట్టినందుకు పీస్ రేటు ఇచ్చేయండి. ఊరికే కుట్టించుకుంటారనే పేరొస్తే మంచి టైలర్లు గేటు దాకా కూడా రారు. దసరా ఆర్డర్ల రద్దీలో జిప్పు ఒక్కటే చాలు.

చేరాక ఆల్టరేషన్ వచ్చినవాళ్ల పేర్లు బోర్డు మీద రాద్దామని మా ఓనర్ అన్నాడు. కానీ 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు పరిశీలించిన ఫీడ్‌బ్యాక్ ప్రయత్నాల్లో మూడో వంతు పైగా పనితీరును తగ్గించాయి. ముఖ్యంగా మనిషి దృష్టి పని మీంచి తన మీదకు మళ్లినప్పుడు. బోర్డు పెట్టలేదు. పీసు తీసుకెళ్లి, మిషన్ దగ్గరే తప్పు చూపిస్తున్నాం.